రాహుకాలానికి ముందు బిగించిన హుక్కు

మా చిన్న ట్రక్కుకు ట్రాలీ హుక్కు నేనొక్కడినే, గంటలో బిగించానని ఊళ్లో చెప్పుకుంటూ ఉంటాను. నిజానికి సగం పూట పట్టింది. నేను ట్రక్కు కింద వెల్లకిలా పడుకుంటే స్పానర్లు అందించింది మా ఆవిడ. నా చెయ్యి దూరని చోట బోల్టు బిగించిందీ ఆమే.

హుక్కు ఆమె కోసమే. ఆదివారాలు చంద్రగిరి కోట దారిలో ఇడ్లీ బండి పెడుతుంది. దాన్ని ట్రాక్టరుతో లాక్కెళ్లే మనిషి ఆ ట్రాక్టరు అమ్మేసుకున్నాక రెండు వారాలు బండి ఇంటి ముందే నిలిచిపోయింది. ఈసారీ పోకుంటే తన చోటు దోసెలాయన పట్టేస్తాడని ఆమె దిగులు.

శనివారం తొమ్మిదికి రాహుకాలం. ఆలోగా మొదటి బోల్టు పడాలని గబగబా ఎత్తు కొలిచాను. హుక్కు, దానికి తగిలించే బండి మూతి సరిగ్గా కలిశాయి. టెంకాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించాను.

ఆదివారం తెల్లవారుజామున పిండి గిన్నెలు, గ్యాసు, నీళ్ల డ్రమ్ములు ట్రక్కులోకి ఎక్కించాం. ట్రక్కు వెనకభాగం కుంగింది. హుక్కుతోపాటు బండి మూతీ దిగి, బండిని నిలబెట్టే ముందరి ఇనుపకాలు నేలను గీరుకుంది.

"ఏమయ్యా, నా బండి ఎవురికి దండం పెడతా ఉండాది?"

"కొత్త హుక్కు గదా, వినాయకునికి మొక్కుకుంటాందిలే."

"ఖాళీ ట్రక్కుకు కొలిసినావా?"

"రాహుకాలం వచ్చేస్తా ఉండె."

"రాహుకాలం గుర్తుండాది, నీళ్ల డ్రమ్ములు గుర్తు లేవు. దించు. నీళ్లు ఆడ టీ అంగట్లో పట్టుకుందాం."

డ్రమ్ములు దించాక ఇనుపకాలు నాలుగు వేళ్లు పైకి లేచింది. ఆమె ట్రక్కు వెనక కూర్చుని, దారి పొడవునా హుక్కునే చూస్తూ, గతుకు వచ్చినప్పుడల్లా మెల్లగా పొమ్మని ట్రక్కు రేకు మీద కొట్టింది. నేను గాలిలా తోలాను. అంటే, సైకిళ్లు మమ్మల్ని దాటిపోయాయి.

మేం పోయేసరికి దోసెలాయన ఆమె చోట్లో పొయ్యి దించుతున్నాడు. మమ్మల్ని చూసి ఆగాడు.

"రావనుకుంటినే అక్కా. ట్రాక్టరు లేదు గదా, ఎట్లొస్తివి?"

"మా ఇంటాయన హుక్కు ఏసినాడు," అంది, అవసరానికి మించి గట్టిగా. డ్రమ్ముల ఊసే ఎత్తలేదు.

అతను పొయ్యి పక్కకు జరుపుకున్నాడు. తొలి వాయి దిగగానే ఆమె అతనికే రెండు ఇడ్లీలు పెట్టింది. ఆ రోజు ప్లేట్లన్నీ నేనే కడిగాను. అన్నీ కాదు, నిద్ర వచ్చేదాకా.