పొట్టేలును చూసినట్టు చూసి కొన్న కారు

పరువు పోగొట్టుకున్నవాళ్ళను మీరు చూసే ఉంటారు. కానీ పరువును ఎర్రరంగు స్పోర్ట్స్ కారులో కూర్చోబెట్టి, ఊరంతా గుమ్మాల్లోకి వచ్చేదాకా ఆగి, అప్పుడు తీరిగ్గా పోగొట్టుకున్న మనిషిని చూసి ఉండరు. ఆ మనిషి నేనే. ఇందులో ఎవరి సాయమూ లేదు. మొత్తం నా సొంత తెలివే.

ముందు ఆ తెలివి ఎలాంటిదో చెప్పాలి. వికారాబాద్ పక్కన మాది గొర్రెలు కాసే ఇల్లు. మా ఆయన సాయిలు మంద వెంట తిరుగుతాడు, పొట్టేళ్ళ బేరాలు నేను చూస్తాను. ట్రాలీ ఆటోలో వాటిని ఎక్కించుకుని అంగళ్ళకు నేనే నడుపుకుపోతాను. అక్షరాలు నలభై దాటాక వచ్చాయి గానీ, పొట్టేళ్ళ చదువు మాత్రం పుట్టుకతోనే వచ్చింది. ఛాతీ వెడల్పుగా ఉండాలి. కాళ్ళు పొట్టిగా ఉండాలి. కడుపు నేలకు దగ్గరగా వేలాడాలి. అరిస్తే పక్క చేనుకు వినబడాలి. ఇవన్నీ ఉన్న పొట్టేలును కొని నేను ఏనాడూ నష్టపోలేదు. ఈ గుణాలు కాస్త గుర్తుపెట్టుకోండి, నన్ను ముంచినవి ఇవే.

మా బిడ్డ కవితను దోమలో ఇచ్చాం. వియ్యపురాలు పోచమ్మ మనసు మంచిదే, నోటికే తలుపు లేదు. ఒకసారి అంగడి నుంచి అటే ట్రాలీలో బిడ్డను చూడబోతే, వాకిట్లో పదిమంది ముందు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని అన్నది కదా:

"వదినె, నువ్వొచ్చినవని కోడలు చెప్పే పని లేదు. గాలే వచ్చి చెప్తది!"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కవిత కూడా నవ్వి, నీళ్ళు తెస్తానని లోపలికి పోయి కళ్ళు తుడుచుకుంది. అది నేను చూశాను. అప్పుడే అనుకున్నాను, ఈ ఊరికి మళ్ళీ వస్తే వీధి వీధంతా నోరు తెరిచేలా రావాలని.

ఆ అవకాశం కొత్త ఇంటి రూపంలో వచ్చింది. కవిత వాళ్ళు దోమలో ఇల్లు కట్టుకున్నారు. గృహప్రవేశానికి తల్లిగారింటి నుంచి ఒడిబియ్యం పోయాలి. బియ్యం, పసుపు, ఎండుకొబ్బరి కుడుకలు, చీర మేం తీసుకుపోయి బిడ్డ ఒడి నింపితేనే ఆమె కొత్త గడప దాటుతుంది. అది వాళ్ళింటి పద్ధతి. ముహూర్తానికి మేం చేరకపోతే బిడ్డ బయటే నిలబడాలి. అంత పెద్ద పనికి ట్రాలీలో ఎలా పోతాను, మీరే చెప్పండి!

తాండూరులో ఖాదర్ భాయ్ అని పాత బండ్లు అమ్మే మనిషి ఉన్నాడు. ట్రాలీకి టైరు కోసం వెళ్ళి, పనిలో పనిగా ఏదైనా పాత కారు చూద్దామనుకున్నాను. షెడ్డులో తెల్ల కార్ల మధ్య ఒక ఎర్ర కారు కనబడింది. రెండే తలుపులు, వెడల్పాటి ముక్కు, పొట్టి కాళ్ళు. గొర్రెల మధ్య పొట్టేలు నిలబడ్డట్టే ఉంది.

"భాయ్, గిది ఎవరిది?"

"బండలు పాలిష్ చేసే సేట్‌ది అక్కా. మోజు మీద కొన్నడు, నడుం పట్టుకున్నది, నాకిచ్చి పోయిండు."

నేను మోకాళ్ళ మీద కూర్చుని కారు కిందికి తొంగి చూశాను. వెనక భాగం మీద అరచేత్తో గట్టిగా చరిచాను. ముందుకు వచ్చి, జల్లెడలా ఉన్న దాని ముక్కులోకి వేళ్ళు పెట్టి చూశాను. ఖాదర్ భాయ్ కంగారుపడ్డాడు.

"అక్కా, నోట్ల పండ్లు చూస్తున్నవా ఏంది? అది బండి, పొట్టేలు గాదు!"

"రెండూ నడిచేటివే గద భాయ్. నువ్వు ఊకో. జర దాన్ని అరిపియ్యి."

స్టార్ట్ చేశాడు. గొంతు బాగానే ఉంది గానీ ఇంకాస్త ఉండాల్సింది.

"ఏం ఫికర్ చెయ్యకు. నీకెట్ల గావాల్నో గట్ల చేయించుకో. ఏమేం చేస్తమో గోడ మీద రాసున్నయ్," అన్నాడు.

ఆ గోడే నా కొంప ముంచింది. రంగులతో పెద్ద పెద్ద అక్షరాలు రాయించాడు. ఒక్కొక్కటీ కూడబలుక్కుంటూ చదవడం మొదలుపెట్టాను. చిన్నప్పుడే చదువుకున్నవాళ్ళకు ఈ సంగతి తెలియదు. అంత కష్టపడి చదివిన మాట మీద ప్రేమ పుడుతుంది. 'సౌండ్ సైలెన్సర్' అని చెమటలు పట్టేలా చదివాక, అది నాకొద్దు అని ఎలా అంటాను? నేను చదివాను కాబట్టి అది నాదే!

"సైలెన్సర్ పెట్టు భాయ్. గొంతు పెరగాలె."

"మంచిది."

"వెడల్పు టైర్లు పెట్టు. వెనక గా రెక్క పెట్టు."

"స్పాయిలర్. మంచిది."

"స్పీకర్ పెట్టె, ఊఫర్."

"గవి పెట్టాల్నంటె వెనక సీటు తీసెయ్యాలె అక్కా. డిక్కీ గూడ నిండిపోతది."

"తియ్యి. వెనక ఎవరు గూసుంటరు? మా వియ్యపురాలు ఎక్కుతనంటె చోటుండొద్దు."

చివరికి గోడ కింది వరసకు వచ్చాను. 'బండి కిందికి దించబడును'. ఆ మాట చదవగానే నాకు మా మేలు పొట్టేలు కళ్ళ ముందు కదిలింది. నేలను రాసుకునే కడుపు!

"దించు భాయ్. బాగా దించు."

ఖాదర్ భాయ్ నిజాయితీపరుడు, ఆ మాట నేను ఎక్కడైనా చెబుతాను. చేతిలో పానా కింద పెట్టేశాడు.

"అక్కా, నా మాట ఇను. గిప్పటికే కిందికున్నది. ఇంక దించితె రోడ్డుకు రాసుకుంటది. పరేషాన్ అయితవ్."

"కడుపు కిందికుంటెనే జాతి. గీ ముచ్చట నాకు నేర్పకు."

"మల్ల నచ్చలేదని తెచ్చియ్యొద్దు."

"మా బేరాలల్ల కొన్న జీవాన్ని తిరిగిచ్చే అలవాటు లేదు భాయ్. తాడు చేతికొస్తె మాదే."

ఎంత దర్జాగా అన్నానో! ఆ దర్జా గుర్తొస్తే ఇప్పటికీ నాకు నేనే నమస్కారం పెట్టుకోవాలనిపిస్తుంది.

తాండూరు నుంచి ఇంటికి వస్తుంటే కింద గరగరమని చప్పుడు వచ్చింది. కొత్త చోటికి పోతున్న జీవం గునుస్తుందిలే అనుకున్నాను. స్పీడ్ బ్రేకర్ వచ్చిన చోటల్లా పక్క మట్టిలోంచి తప్పించాను. ఇంటికి రాగానే, మా మందలో ప్రతి జీవానికీ వీపు మీద వేసే నీలిరంగు అడ్డగీత కారు వెనకా వేశాను. పదిమందిలో తప్పిపోతే గుర్తుపట్టాలి కదా.

మా ఆయన కారులోకి దిగాడు. అవును, ఎక్కలేదు, దిగాడు. మోకాళ్ళు గడ్డానికి తగిలాయి.

"గిదేందే, విస్తరి ముందర గూసున్నట్టున్నది. అన్నం పెడ్తవా?"

"నీకు కార్ల గురించి ఏం తెలుసయ్యా?"

"నీకు తెల్వనిదే నాకూ తెల్వదు," అన్నాడు. ఆ మాట నాకు అప్పుడు అర్థం కాలేదు.

గృహప్రవేశం రోజు పొద్దున్నే బియ్యం మూట నెత్తిన పెట్టుకుని మా ఆయన కారు చుట్టూ తిరుగుతున్నాడు.

"మూట ఏడ పెట్టాలె?"

"వెనక."

"వెనక డబ్బా ఉన్నది."

"డిక్కీల."

"ఆడ ఇంకో డబ్బా ఉన్నది. మరి చీర, కుడుకలు? దావత్‌కు ఇచ్చే పొట్టేలు?"

నేను గొంతు సవరించుకున్నాను.

"నువ్వు అన్నీ ఏసుకుని ట్రాలీల రా. ఊరి బయట జర సేపాగు. నేను కారుల పోయి, అందరూ చూసినంక నువ్వు మెల్లగ రావాలె."

"అంటె నేను కనబడొద్దా?"

"నువ్వు కనబడు. పొట్టేలు వాసన కనబడొద్దు."

పరిగి దాటి దోమ చేరేదాకా నేను మహారాణిని. ఊరి మొదట్లో పాటలు పెట్టాను. సైలెన్సర్ ఉరిమింది. కోళ్ళు గోడలెక్కాయి, మనుషులు గుమ్మాల్లోకి వచ్చారు. కొంగు కాస్త ఎగిరితే అందంగా ఉంటుందని ఏసీ గాలి పూర్తిగా తిప్పాను. పాలిష్ సేట్ కారు కదా, ఆ గొట్టాల్లో ఎన్నాళ్ళుగా దాక్కున్న బండల పొడి ఒక్కసారిగా నా ముఖం మీదికి వచ్చింది. అద్దంలో చూసుకుంటే పిండి గిర్ని నుంచి వచ్చినట్టున్నాను. అయినా తల దించలేదు.

అల్లంత దూరంలో కొత్త ఇల్లు, గేటు బయట పట్టుచీరలో కవిత. నన్ను చూసి చెయ్యి ఊపింది. నేనూ చెయ్యి ఊపాను. మా ఇద్దరికీ మధ్య ఒక స్పీడ్ బ్రేకర్ ఉంది. పక్కకు తప్పిద్దామంటే మట్టి లేదు. ఇటు కొట్టు, అటు మురుగు మోరీ.

పొట్టేలైతే దూకేదే. నా కారు ముందు కాళ్ళు అటు వేసి, కడుపు మిట్ట మీద పెట్టి, కూర్చుంది. చక్రాలు తిరుగుతున్నాయి, పాట మోగుతోంది, నేను మాత్రం కదలడం లేదు. ఇంకాస్త తొక్కాను. కింద ఏదో విరిగింది. నల్లటి నూనె రోడ్డు మీద పారింది. ఇంజిన్ ఆగింది. ఊఫర్ మాత్రం ఆగలేదు.

అటునుంచి మంద తోలుకొస్తున్న ముసలాయన ఒకడు కారు వెనక్కి వచ్చి ఆగిపోయాడు.

"గిది మన సాయిలు మందది గద!"

"కారు తాతా అది," అన్నారెవరో.

"గుర్తు కనబడ్తలేదా? తప్పిపోయినట్టున్నది. పట్టి అప్పజెప్పాలె."

ఇంతలో వెనకనుంచి హారన్. చూస్తే మా ట్రాలీ. అందులో మా ఆయన, ఒడిబియ్యం, పొట్టేలు.

"నిన్ను బయట ఆగమన్న గద!"

"ముహూర్తం ఆగుతదానె? జరుగు!"

నవ్వులాట అక్కడితో అయిపోయింది. ముందు గేటు దగ్గర బిడ్డ, వెనక బిడ్డ ఒళ్ళో పోయాల్సిన బియ్యం, నడుమ రోడ్డుకు అడ్డంగా నేను. లోపలి నుంచి పంతులు "తల్లిగారు వచ్చిండ్రా?" అని కేకేస్తున్నాడు. కవిత ముఖంలో నవ్వు పోయింది. ఏ బిడ్డ తలెత్తుకోవాలని ఇంత చేశానో, ఆ బిడ్డే నా వల్ల గడప బయట నిలబడిపోయేలా ఉంది.

అప్పుడు జనాన్ని తోసుకుంటూ పోచమ్మ వచ్చింది. నన్ను చూసింది. నా తెల్లటి ముఖం చూసింది. మళ్ళీ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంటుందనుకున్నాను. ఆమె కొత్త చీర కుచ్చిళ్ళు నడుంలో దోపుకుని, కారు వెనక రెక్క కింద రెండు చేతులూ పెట్టింది.

"ఏం జూస్తుండ్రు? లేవట్టుండ్రి! నా కోడలు ఎంతసేపు నిలవడాలె?"

గొర్రెల కాపర్లు, కొట్టువాళ్ళు, మా ఆయన, నేను, అందరం పట్టాం. పొట్టేలును ట్రాలీలోకి ఎత్తినట్టు "హైస్సా" అని ఎత్తి, మిట్ట దాటించి కొట్టు ముందు పెట్టాం. ట్రాలీ దాటింది. దాని చక్రాలకు ఆ మిట్ట ఉన్న సంగతే తెలియలేదు.

"కారును గీడ ఇడ్సిపెడ్తె పోరగాళ్ళు ఎక్కి తొక్కుతరు. తాడు కట్టుండ్రి," అన్నది పోచమ్మ.

స్టీరింగ్ ఎవరో ఒకరు పట్టాలి కదా, నేనే కూర్చున్నాను. ముందు ట్రాలీ, వెనక తాడు, తాడు చివర నేను. ట్రాలీలో నిలబడ్డ పొట్టేలు నా వైపే తిరిగి, గేటు దాకా రెప్ప వెయ్యకుండా నన్ను చూసింది. అంత నిదానంగా నేను కూడా ఏ పొట్టేలునూ చూసి ఎరగను.

ముహూర్తం దాటకముందే బియ్యం పోశాం. ఒడి నిండింది, కవిత గడప దాటింది. దాటుతూ దాటుతూ నా ముఖం మీది పొడి చూసి ఆపుకోలేక పగలబడి నవ్వింది. ఈసారి కళ్ళు తుడుచుకోవడానికి లోపలికి పోలేదు, నా ముందే తుడుచుకుంది.

పోచమ్మ నా పక్కన కూర్చుని, నా చెంప కొంగుతో తుడుస్తూ, వాకిట్లో అందరికీ వినబడేలా అన్నది:

"వదినె, పొట్టేలుకు తాడు కట్టి మనిషి గుంజుకపోవుడు చూసిన. పొట్టేలు బండెక్కి ముందల పోతుంటె, మనిషి తాడు కట్టించుకొని ఎనుక వచ్చుడు మాత్రం గిదే మొదలు!"

తర్వాత ఖాదర్ భాయ్‌కి ఫోన్ చేశాను. "కొన్న జీవాన్ని మీ బేరాలల్ల తిరిగియ్యరు గదక్కా," అన్నాడు ఎంతో మర్యాదగా. అందుకే కారు ఇప్పుడు మా దొడ్లోనే ఉంది. వానాకాలంలో గొర్రెపిల్లలు వెనక డబ్బా మీద పడుకుంటాయి. వాటికి ఊఫర్ నచ్చినట్టే ఉంది.

అందుకని పాఠకుల ముందు చెయ్యి ఎత్తి ప్రమాణం చేస్తున్నాను. ఇకమీద ఏ బండినీ పండ్లు పట్టి చూడను, వెనక చరిచి చూడను, కడుపు కిందికుందని మురిసిపోను. గోడ మీద ఏం రాసి ఉన్నా చదివి ఊరుకుంటాను. నిజానికి ఈ ప్రమాణం ఆ రోజే, తాడు చివర కూర్చుని, నన్నే చూస్తున్న ఆ పొట్టేలు కళ్ళలోకి చూస్తూ చేశాను. కావాలంటే సాక్ష్యానికి దాన్నే పిలిచేదాన్ని. ఏం చెయ్యను, సాయంత్రం దావత్‌లో వండేశారు. కూర చాలా బాగుంది. పొట్టేలును ఎంచడంలో మాత్రం నన్ను మించినవాళ్ళు లేరు.