ఉమ్మడి పెద్దాయన

అనంతపురంలో నేను కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లో నాకు అర్థమైన విషయాలు తక్కువ, అర్థమైనట్టు తలూపినవి ఎక్కువ. ఉగ్గాని బజ్జీల హోటలు పైనున్న మేడగదిలో మా అన్న (తోడబుట్టిన అన్న కాదు, జీతమిచ్చే అన్న) చుట్టుపక్కల ఊళ్ళ వ్యాపారులకు వెబ్‌సైట్లు చేసిపెట్టేవాడు. కింద నుంచి వచ్చే మిరపకాయ ఘాటుకు దగ్గుతూ నేను ఆయన దగ్గర పని నేర్చుకునేవాణ్ణి. శింగనమల దగ్గర మా ఊళ్ళో ఉన్న మా నాయనకు ఈ పని మీద ఏమాత్రం గురి లేదు. "చెమట పట్టని పని ఒక పనేనా? నీ వల్ల కాకుంటే వచ్చేయప్పా, శెనక్కాయ చేను యాడికీ పోలేదు" అనేవాడు. చేను ఎక్కడికీ పోలేదు, నిజమే. వానే ఎటో పోయింది. అందుకే ఈ ఉద్యోగం ఊడితే నా గతేమిటని లోపల ఒకటే భయంగా ఉండేది.

మా అన్నకు రాసిందే మళ్ళీ రాయడమంటే ఒళ్ళుమంట. ఏ పేజీకైనా పైన దుకాణం పేరున్న పట్టీ, కింద చిరునామా ఉన్న పట్టీ కావాలి కదా. వాటిని ఒక్కసారి విడి ముక్కలుగా రాసి, 'ఉమ్మడి' అనే ఫోల్డరులో పెట్టేవాడు. పేజీలో ఆ ముక్కను పేరు పెట్టి పిలిస్తే చాలు, వచ్చి కూర్చునేది. దుకాణం పేరు మాత్రం ఏ సైటుకు ఆ సైటుదే వచ్చేలా ఏదో ఏర్పాటు చేశాడు. "పిల్చిన ఇంటికల్లా వచ్చే అయ్యవారనుకో" అని విడమరిచి చెప్పాడు. నేను తలూపాను. (అయ్యవారు ఒక్కడేననీ, ఆయన నుదుట ఒక ఇంట్లో బొట్టు పెడితే అన్ని ఇళ్ళలోనూ ఆ బొట్టుతోనే కనిపిస్తాడనీ నాకు తట్టలేదు.)

ఒకరోజు ఇనుప సామాన్ల శెట్టిగారు, పోయిన తండ్రి ఫోటో పట్టుకొచ్చారు. తలపాగా, గుబురు మీసాలు, పైన చామంతి దండ. "అంగట్లో మా నాయన గోడ మీద ఉండాడు. సైట్లో కూడా పైనే ఉండల్ల, ప్రతి పేజీలో" అన్నారు. నేను పై పట్టీ ముక్క తెరిచి, దుకాణం పేరు కింద ఫోటో పెట్టి, 'మా పెద్దాయన ఆశీస్సులతో' అని రాశాను. శెట్టిగారి పేజీలన్నిటిలోనూ ఒక్క దెబ్బకు పెద్దాయన వెలిశాడు. నా తెలివికి నేనే మురిసిపోయాను.

మర్నాడే రాయదుర్గంలో జీన్సు ప్యాంట్లు కుట్టించే ఆసామి సైటుకు ప్రారంభోత్సవం. మా అన్నకు జ్వరం తగిలి, నన్నొక్కణ్ణే పంపిస్తూ, "ఇది సక్కంగా జరిగితే నీ పని ఖాయం. లేకుంటే మీ నాయన చేను ఉండనే ఉండాది" అన్నాడు. (ఈయనా మా నాయనా ఫోన్లో మాట్లాడుకుంటున్నారేమోనని అనుమానం వచ్చింది.) తీరా వెళ్ళి చూస్తే కుట్టు మిషన్లన్నీ ఆపించి, గోడమీది టీవీకి పూలమాల వేసి, టెంకాయతో తయారుగా ఉన్నారు. ఆసామి వైపు చుట్టాలు ఒక పక్క, బళ్ళారి నుంచి దిగిన ఆయన భార్య వైపు చుట్టాలు ఒక పక్క. నేను దేవుణ్ణి తలుచుకుని సైటు తెరిచాను. పైన వాళ్ళ కంపెనీ పేరు, కింద నీలం ప్యాంట్లు, ఆ రెంటికీ నడుమ దండతో సహా శెట్టిగారి నాయన!

వేరే సైటు తెరిచానా అంటే పేరు వీళ్ళదే. మూసి మళ్ళీ తెరిచాను. మళ్ళీ ఆయనే. ఈయన నా వెనకాలే బస్సెక్కి ఎట్లా వచ్చాడో ఎంతకీ బోధపడలేదు. ఇక శెనక్కాయ చేనే గతి అనుకుంటుండగా, ఆసామి చెప్పులు విడిచి టీవీకి దండం పెట్టాడు. ఆయన భార్య కొంగు భుజం నిండా కప్పుకుని మొక్కింది. అది చూసి రెండు వైపులవాళ్ళూ చేతులు జోడించారు. టెంకాయ పగిలింది. ఆసామి నన్ను పక్కకు లాగి, "మా యామె పుట్టింటోళ్ళ పెద్దాయనను యాడ సంపాదించినావప్పా? బళ్ళారోళ్ళు ఎంత సంతోషపడతాండారో చూడు!" అన్నాడు. తలూపాను. కాసేపటికి ఆమె వచ్చి నా చేతిలో మైసూరుపాకు పెట్టి, "మా మామ వాళ్ళ నాయనను నేను చూడనేలేదు. ఈయన ఆ ఫోటో ఇన్నాళ్ళూ యాడ దాచినాడో! మీసాలు అచ్చం మా ఆయనవే" అంది. దానికీ తలూపాను.

అనంతపురం చేరగానే ఆ ఫోటో పీకేశాను. మైసూరుపాకు తీపి నోట్లో ఉండగానే శెట్టిగారి ఫోను. "మా నాయన యాడికి పోయినాడప్పా?" గాభరాగా తిరిగి పెట్టాను. రాయదుర్గంలోనూ తిరిగి వెలిశాడు. తీస్తే ఇద్దరికీ పోతాడు, పెడితే ఇద్దరికీ వస్తాడు. చివరికి మా అన్న దుప్పటి కప్పుకునే వచ్చి చూసి, "ముక్క ఒకటే గదప్పా! నువ్వు మార్చింది శెట్టిది కాదు, అందరిదీ!" అని తల కొట్టుకుని, ఫోటోను వేరే ముక్కగా చేసి శెట్టిగారి సైటులో మాత్రమే పిలిచాడు. ఆ రోజు మొదటిసారి నిజంగా అర్థమై తలూపాను.

తెల్లారగానే రాయదుర్గం నుంచి ఆసామి ఫోను. "పెద్దాయనను ఎందుకు తీసినావు? మా యామె చూస్తే నేనే తీపిచ్చినాననుకుంటాది. ఇంట్లో నాకు సంగటి కూడా పుట్టదు!" అది పెట్టేయగానే ఆమె ఫోను. "నాయనా, ఆయన చూడకముందే పెట్టేయి. వాళ్ళ తాతను నేనే తీపిచ్చినానంటాడు."

మా అన్న నవ్వలేక ఏడవలేక నన్ను వెంటబెట్టుకుని శెట్టిగారి అంగడికి వెళ్ళి జరిగిందంతా చెప్పాడు. నేను తిట్లకు సిద్ధపడి నిలుచున్నాను. శెట్టిగారు గోడమీది ఫోటోకు దండ సరిచేశారు. "మా నాయనకు ఈడ పొద్దున్నే మొక్కేది నేనొక్కణ్ణే" అన్నారు మెల్లగా. "ఆడ అంతమంది మొక్కుతాండారా? ఉండనీలేప్పా."

పెద్దాయన రాయదుర్గంలో మళ్ళీ వెలిశాడు, నా ఉద్యోగమూ నిలబడింది. ఇప్పుడు నా దగ్గర చేరే కుర్రాళ్ళకు, ముక్కను ముట్టుకునే ముందు అది ఇంకా ఎవరింట్లో ఉందో చూసుకోండి అని చెబుతుంటాను. వాళ్ళు తలూపుతారు. ఆ తలూపుడు నాకు బాగా తెలుసు. అప్పుడప్పుడూ రాయదుర్గం సైటు తెరిచి చూస్తాను. ప్యాంట్ల ఫ్యాషన్లు ఎన్నో మారిపోయాయి గానీ, పైన పెద్దాయన అట్లాగే ఉన్నాడు. ఆయన ఎవరి తరఫో ఆ భార్యాభర్తలు ఇంతవరకూ ఒకరినొకరు అడగలేదనే అనుకుంటాను. ఎవరూ చూడకుండా నేనూ ఒక దండం పెట్టుకుంటాను. ఆయన మా తరఫు కాదని మాత్రం ఎవరు చెప్పొచ్చారు?