రంపె గుర్తు చెప్పులు

కోయిలకుంట్ల సంతలో సంతోషమ్మతో బేరమాడేవాళ్లు తక్కువ. ఎవరైనా మొదలుపెడితే ఆమె వాళ్ల చేతిలోని చెప్పు లాక్కుని, "నీ కాలికి ఇది ఎక్కువైందిలే, పోప్పా" అనేది. భర్త ఏసన్న బతికినన్నాళ్లూ ఆ నోటికి భయపడి తల పట్టుకునేవాడు. అతను జబ్బుచేసి పోయాక చెప్పులు కుట్టే పని ఆమె తన చేతికి తీసుకుంది. ఆడది చెప్పులు కుట్టడమేమిటని చర్చి వాకిట్లో ఒక పెద్దమనిషి అంటే, "అయితే నువ్వొచ్చి కుట్టు, నేను కూచోని తింటా" అని అందరి ముందే అంది. ఆ మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

ఆమె చేసేవి మందపాటి బర్రెతోలు చెప్పులు. రేగడి చేలలో తుమ్మముల్లు కూడా దిగదు వాటిలో. ప్రతి చెప్పులోనూ మడమ ఆనేచోట, కాల్చిన ఇనుప అచ్చుతో లోతుగా దింపిన ఒక గుర్తు ఉంటుంది. తోలు కోసే కత్తిని రంపె అంటారు. దాని అంచు సగం చందమామలా వంగి ఉంటుంది. సంతోషమ్మ మామ, అంటే ఏసన్న తండ్రి, పేరు పెద్దన్న. అతనికి చదువు రాదు. పేరు రాయలేక ఆ రంపె ఆకారాన్నే తన గుర్తుగా పెట్టుకున్నాడు. తర్వాత ఏసన్న అదే వేశాడు, ఆ తర్వాత సంతోషమ్మా అదే వేసింది.

కొడుకు యేసుప్రసాద్ డిప్లొమా చదివి ఉద్యోగం దొరక్క ఇంట్లోనే ఉండేవాడు. అతను చెప్పుల ఫోటోలు తీసి ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టాడు. బెంగుళూరు నుంచి, హైదరాబాదు నుంచి ఆర్డర్లు వచ్చాయి. అట్టపెట్టెలు చేయించి వాటి మీద ఆ గుర్తును పెద్దగా అచ్చు వేయించాడు. ఇంటి ముందు బోర్డు కట్టాడు. సంతోషమ్మ ఇద్దరు ఆడవాళ్లను పనికి పెట్టుకుంది. మొదటిసారి తల్లీకొడుకులు ఒక మాట మీద నడిచిన కాలం అది.

అప్పుడొచ్చింది ఢిల్లీ నుంచి రిజిస్టరు కవరు. పరుగు పందేల బూట్లు అమ్మే ఒక పెద్ద కంపెనీ లాయరు పంపిన నోటీసు. యేసుప్రసాద్ చదివి చెప్పాడు.

"సగం చందమామ గుర్తు వాళ్లదంటమ్మా. మనం నకలు కొట్టినామంట. సరుకంతా నాశనం చేసి, నకలు కొట్టినామని సంతకం పెట్టాలంట."

"నకలా?" సంతోషమ్మ ఆ కాగితాలు లాక్కుంది. "మా మామ ఈ గుర్తు ఏసేటప్పుడు ఆ కంపెనీవోడు పుట్టినాడో ల్యాదో అడుగు!" అంటూనే కాగితాలను పొయ్యిలో తోసింది. కొడుకు అడ్డుపడలేదు. కానీ తర్వాత ప్రతి గొడవలోనూ ఆ పొయ్యి సంగతే ఎత్తాడు.

జవాబు రాలేదని కంపెనీ ఢిల్లీ కోర్టుకు పోయింది. వీళ్ల మాట వినకుండానే ఆ గుర్తు వాడొద్దని కోర్టు స్టే ఇచ్చింది. ఒకరోజు పొద్దున కోర్టు నియమించిన కమిషనరు, కంపెనీ తరఫున ఒక మనిషి, ఇద్దరు కానిస్టేబుళ్లు ఇంటి ముందు దిగారు. వీధంతా గుమిగూడింది. పని చేస్తున్న ఆడవాళ్లిద్దరూ వెనక దారిన వెళ్లిపోయారు.

"డూప్లికేట్ సరుకు ఎక్కడ పెట్టారు?" అన్నాడు కంపెనీ మనిషి.

"డూప్లికేటా? మీ అమ్మానాయన పెండ్లి డూప్లికేటు! నా ఇంట్లోకొచ్చి నన్ను దొంగంటావా?" సంతోషమ్మ చేతిలో రంపె అట్లాగే ఉంది. కానిస్టేబులు ఆమె మణికట్టు పట్టుకుని విరిచాడు. రంపె కింద పడింది. ఆ చేయి వాచి, ఆమె చాలాకాలం సూది పట్టలేకపోయింది.

చెప్పులు, పెట్టెలు, ఇనుప అచ్చు అన్నీ గోనెసంచుల్లో నింపి లక్క సీలు వేశారు. తీసుకుపోతారనుకుంటే, ఆ సంచులు ఆమె ఇంట్లోనే పెట్టారు. కేసు తేలేవరకూ కాపాడే బాధ్యత ఆమెదే. సీలు చెడితే జైలు అని కమిషనరు హెచ్చరించాడు. వెళ్తూ వెళ్తూ కంపెనీ మనిషి, "మమ్మల్ని తిట్టి ఏం లాభం? ఫోటోలు పంపింది మీ ఊరి శివశంకరే" అన్నాడు.

శివశంకర్ ఊళ్లో పెద్ద భూస్వాముల ఇంటి మనవడు. నంద్యాలలో ఆ కంపెనీ బూట్ల షోరూము అతనిదే.

ఉన్న రెండు గదుల్లో ఒకటి సంచులకే పోయింది. వాన పడితే ముక్కిన వాసన. రాత్రీపగలూ ఎలుకలు. తన సొంత చెప్పులకు తానే కాపలా కాయాల్సి వచ్చి సంతోషమ్మ మనుషులందరి మీదా మండిపడేది. కొడుకు మీద మరీ.

"నువ్వు ఆ ఫోన్లో పెట్టకుంటే ఎవడికి తెలుస్తుండె?"

"నువ్వు నోటీసు కాల్చకుంటే ఇంతదాకా వస్తుండెనా? సంతకం పెట్టి వదిలించుకుందాం మా."

"పెట్టు. పెట్టినాక నన్ను అమ్మా అనొద్దు."

కర్నూలులో శివకుమారి అనే వకీలు కేసు తీసుకుంది. కంపెనీ కంటే ముందునుంచీ ఆ గుర్తు వాడుతున్నట్టు చూపితే చట్టంలో దారి ఉందని చెప్పింది. చూపడానికి ఏముంది? పెద్దన్న బిల్లులు రాసినవాడు కాదు. చెప్పులు అరిగితే ఎవరైనా పారేస్తారు కానీ దాచుకోరు.

ఒక్క ఇంట్లో దాచారు. శివశంకర్ తాత పోయాక ఆయన కిర్రుచెప్పులు ఆయన పటం కింద పెట్టారు. అవి పెద్దన్న కుట్టినవి. ఆ ఇంటి ముందు నడిచేటప్పుడు పెద్దన్న తన చెప్పులు విప్పి చేత పట్టుకునేవాడని ఏసన్న చెబుతుండేవాడు. ఆ వాకిలి తొక్కకూడదనే సంతోషమ్మ ఇన్నేళ్లూ అనుకుంది. ఇప్పుడు తొక్కింది.

శివశంకర్ గేటు దగ్గరే ఆపాడు. "ఏమ్మే, యాడికి పోతాండావు?"

"మీ అవ్వతో మాట్లాడాల."

"మా తాత చెప్పులు కోర్టుకీడుస్తావా? మీకెంత పొగరు పెరిగిందే!"

"పొగరు కాదప్పా. పని మాది. గుర్తు మాది. నువ్వు అమ్ముకున్యావు."

అరుపులు విని లోపలినుంచి శివశంకర్ అవ్వ నాగలక్ష్మమ్మ గోడ పట్టుకుంటూ వచ్చింది. ఎనభై దాటిన మనిషి. సంగతి నిలబడే విన్నది. లోపలికి పోయి, ఆ చెప్పులు తెచ్చి సంతోషమ్మ కాళ్ల ముందు పడేసింది.

"అవ్వా!" అని కేకేశాడు మనవడు.

"నోరు మూయ్‌రా. మీ తాత చెప్పు ముందర పట్టుకొని కొడితే మడమే తగుల్తాది. ఈ గుర్తు ఎంత పాతదో నా ఈపుకు తెలుసు. నేనొచ్చిన కాడినుంచి ఉండాది." సంతోషమ్మ వైపు తిరిగింది. "ఏ కోర్టులోనైనా చెప్తా. ఈటిని మాత్రం మళ్లా నా ఇంటికి తేవద్దు."

ఆమె చెప్పినట్టే ప్రమాణపత్రం మీద వేలిముద్ర వేసింది. దానికోసం శివకుమారి కర్నూలు నుంచి వస్తే శివశంకర్ గేటు తీయలేదు. ముసలామే వీధిలోకి వచ్చి అరుగు మీద కూర్చుని వేసింది.

ఆ తర్వాత కంపెనీ స్వరం మారింది. రాజీకి పిలిచారు. శివకుమారి ఆఫీసులో ఫోన్ తెరమీద కోటు వేసుకున్న ముగ్గురు కనిపించారు. షరతులు శివకుమారి తెలుగులో చెప్పింది. నకలు కొట్టామనే మాట తీసేస్తారు. సంతోషమ్మ చేత్తో చేసి సంతలో అమ్మే చెప్పులకు గుర్తు వేసుకోవచ్చు. ఆన్‌లైనులో అమ్మకూడదు. పెట్టెల మీద, బోర్డు మీద ఆ గుర్తు ఉండకూడదు.

"మరి నా చెయ్యి ఇరిచినందుకు?" అంది సంతోషమ్మ.

తెరమీద వాళ్లకు ఆ మాట అర్థం కాలేదు. శివకుమారి దాన్ని వాళ్లకు చెప్పింది. ఆ ముగ్గురిలో ఒకడు గడియారం చూసుకున్నాడు. ఇంకా పోరాడితే ఏళ్లు పడుతుందని, అప్పుడు కూడా సంచులు ఇంట్లోనే ఉంటాయని శివకుమారి మెల్లగా అంది. సంతోషమ్మ సంతకం పెట్టింది. పెట్టి, కలం టేబులు మీదికి విసిరింది.

సీలు తీసిన రోజు సంచుల్లోంచి బూజు పట్టిన తోలు ముద్దలు బయటపడ్డాయి. ఎలుకలు పట్టీలు కొరికేశాయి. ఒక్క జతా పనికి రాలేదు. యేసుప్రసాద్ బోర్డు దించి, గోడకు తిప్పి ఆనించాడు. అతను కట్టుకున్న వ్యాపారమంతా ఆ రాజీలోనే పోయింది.

సాక్ష్యంగా తీసుకున్న ఆ పాత చెప్పులను శివకుమారి తిరిగి పంపినప్పుడు సంతోషమ్మ వాటిని మొద్దు మీద పెట్టి రంపె తీసింది.

"ఏం చేస్తాండావు మా? తాత చేతి పని అది! ఒక్కటే మిగిలింది!"

"ఆయమ్మ ఈపు మీద పడిందీ ఈ పనే" అంటూ ఆమె కోసింది. ముసలి తోలు గట్టిగా ఉంది. వాచి తగ్గిన చేత్తో చాలాసేపు పట్టింది. యేసుప్రసాద్ చివరిదాకా చూడలేదు. ఆ వారమే కడపలో ఒక బ్యాగుల దుకాణంలో పనికి కుదిరాడు. ఆదివారాలు వస్తాడు, అన్నం తింటాడు, పోతాడు.

సంగతి తెలిసి శివశంకర్ సంతలోకే కారు తెచ్చాడు.

"మా తాత చెప్పులు యాడ?"

"ముక్కలు చేసినా."

"ఎవరినడిగి చేసినావు? నీ మీద కేసు పెడతా!"

సంతోషమ్మ కూర్చున్నచోటునుంచి లేవలేదు. "పెట్టప్పా. ఢిల్లీలోనే పెట్టు, దోవ తెలిసింది. ముందు ఇంటికి పొయ్యి మీ అవ్వనడుగు."

అతను అడిగాడో లేదో ఊరికి తెలియదు. కేసు మాత్రం పెట్టలేదు. కారు కదిలేదాకా ఆమె అటే చూసి, పక్కన నిలబడ్డ రైతుతో, "ఏమప్పా, తీసుకుంటావా? ల్యాకుంటే ఎండకు అడ్డం జరుగు" అంది.