అక్క కోసం ఇజ్మీర్ లోక్మా

మా అక్క సంవత్సరీకం విశాఖపట్నంలో పెట్టుకున్నారు. తిథి ఏ రోజు వచ్చిందో చెప్పడానికి బావ ఫోన్ చేశాడు. నేనేం చెయ్యాలి అని అడిగాను.

"నువ్వు చేసేదేముందమ్మా, బాబు చేస్తాడు కదా. వస్తే సంతోషమే. రాలేకపోతే అక్కడే దీపం పెట్టుకో, చాలు" అన్నాడు.

బావ తప్పుగా ఏమీ అనలేదు. ఆ కార్యక్రమంలో చెల్లెలికి పని లేదు. అక్క పోయినప్పుడు కూడా లేదు. సింగపూర్ నుంచి వెళ్ళి, వచ్చినవాళ్ళకి కాఫీలు అందించి తిరిగొచ్చాను. ఏడవడానికి నాకు ఎవరూ అడ్డు చెప్పలేదు. చెయ్యడానికి మాత్రం ఏమీ లేకపోయింది. ఏడాదంతా నన్ను పీడించింది అదే.

సింగపూర్‌లో నేనుండే యూ టీ పేటలో, మా అంతస్తులోనే, లిఫ్టుకి అవతలి ఫ్లాట్‌లో ఇజ్మీర్ నుంచి వచ్చిన ఒక పెద్దావిడ ఉంటుంది. కొడుకు జురాంగ్ ఐలాండ్‌లో ఇంజినీరు. ఆమెను నేను ఆంటీ అంటాను. సాయంత్రాలు కారిడార్‌లో నిలబడి మాట్లాడుకుంటాం. ఆమెకు వచ్చిన ఇంగ్లీషు కొంచెమే, కానీ తొందరపడదు. నన్ను ఓదార్చేది కాదు, తన ఊరి గురించి చెప్పేది. అందుకే ఆమె దగ్గరికి వెళ్ళేదాన్ని.

ఇజ్మీర్ టర్కీకి పడమటి తీరంలో ఉన్న పెద్ద రేవు. లైబ్రరీ నుంచి పుస్తకాలు తెచ్చుకుని దాని చరిత్ర చదివాను. పాతపేరు స్మిర్నా. అంజూర పళ్ళు, ఎండుద్రాక్ష ఓడలకెత్తి బాగుపడిన ఊరు. టర్కులు, గ్రీకులు, అర్మేనియన్లు, యూదులు ఒకే గట్టు మీద వ్యాపారాలు చేశారు. మొదటి ప్రపంచయుద్ధం వెనకే టర్కీ, గ్రీసుల మధ్య వచ్చిన యుద్ధం చివర్లో ఊళ్ళో చాలా భాగం కాలిపోయింది. మంటలకీ నీళ్ళకీ మధ్య ఆ గట్టు మీద జనం ఇరుక్కుపోయారు. ఆ తర్వాత రెండు దేశాలూ మనుషుల్ని మార్చుకున్నాయి. టర్కీలోని గ్రీకులు అటు వెళ్ళారు, గ్రీసులోని ముస్లిములు ఇటు వచ్చారు. ఆంటీ వాళ్ళ తాత అలా క్రీట్ దీవి నుంచి వచ్చినవాడే.

"ఓడ దిగేనాటికి ఆయనకి టర్కిష్ ఒక్క ముక్క రాదు. చచ్చేదాకా మా నానమ్మని గ్రీకులోనే తిట్టాడు" అని నవ్వింది.

కాలిపోయిన పేటలు ఏమయ్యాయని అడిగాను. ఇప్పుడు అక్కడ పెద్ద పార్కు ఉందట. "నేను సైకిల్ నేర్చుకున్నది అక్కడే. నా కొడుకూ అక్కడే నేర్చుకున్నాడు" అంది. పుస్తకాల్లో లేని సంగతి అది.

ఆమె చెప్పిన మిగతావి విశాఖలో పెరిగిన నాకు కొత్తవి కావు. ఎండాకాలం మధ్యాహ్నాలు సముద్రం మీది నుంచి వచ్చే గాలికి వాళ్ళు ఇంబాత్ అని పేరు పెట్టుకున్నారు. అది మొదలైతే జనం గట్టు మీదికి చేరతారు. ఆఫీసులకి ఇప్పటికీ ఫెర్రీల మీద వెళ్తారు. నువ్వులద్దిన గుండ్రటి రొట్టెలు తుంచి విసిరితే సీగల్ పక్షులు గాల్లోనే అందుకుంటాయట.

బావ ఫోన్ చేసిన సాయంత్రం ఆంటీకి సంగతి చెప్పాను.

"మరి నువ్వేం చేస్తున్నావు?"

"నేను చేసేదేమీ లేదు ఆంటీ."

ఆమెకి అర్థం కాలేదు. ఇజ్మీర్‌లో మనిషి పోతే వీధి మలుపులో బాండీ పెట్టి లోక్మా వేయిస్తారని చెప్పింది. పులిసిన మైదాపిండిని నూనెలో వేయించి చల్లటి పాకంలో ముంచుతారు. దారిన పోయేవాళ్ళు ఎవరైనా లైనులో నిలబడి తీసుకోవచ్చు. పోయింది ఎవరో తెలియకపోయినా, దేవుడు స్వీకరించుగాక అని తిని వెళ్తారు. ఏడాదికోసారి మళ్ళీ చేసేవాళ్ళూ ఉన్నారు.

"ఎవరు చెయ్యాలి?" అన్నాను.

"ఎవరికి గుర్తుంటే వాళ్ళు."

తిథి శనివారం వచ్చింది. నాతో కలిసి లోక్మా వెయ్యడానికి పొద్దున్నే ఆంటీ మా వంటింటికి వచ్చింది. పిండి పిడికిట్లోంచి నొక్కి ఉండలుగా వదులుతోంది. తమ ఊళ్ళో వీటికి మధ్యలో చిల్లు ఉంటుందనీ, అక్కడ మిషన్ వేసేస్తుందనీ, తన చేత్తో ఎప్పుడూ కుదరలేదనీ అంది. నేను చెయ్యి తడుపుకుని, ముద్ద తీసుకుని, గారెకి పొడిచినట్టే బొటనవేలితో పొడిచి నూనెలోకి జార్చాను. చిల్లు నిలిచింది. ఆంటీ నా చెయ్యి పట్టుకుని తిప్పి చూసింది.

"ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు నువ్వు?"

నా భయమల్లా వీటిని కిందికి తీసుకెళ్ళి పంచితే ఎవరైనా తీసుకుంటారా అనే. మనవాళ్ళు వేరే ఇంట్లో చనిపోయినవాళ్ళ పేరు మీద పెట్టింది తినడానికి జంకుతారు. చెప్పకుండా పంచితే మోసం. ఎవరూ ముట్టకపోతే, ఈ ఒక్క పనీ జరగనట్టే. మొదటి గిన్నె పట్టుకుని బ్లాకు కింద అందరూ కూర్చునే ఖాళీ జాగా, వాయిడ్ డెక్‌లోకి వెళ్ళి బల్ల మీద పెట్టాను.

ముందు వచ్చింది ఏడో అంతస్తులో ఉండే తెలుగావిడ. "అబ్బ, ఏంటే ఇవి, పాకం గారెలా?" అని చెయ్యి చాపింది. మా అక్క పేరు మీద అన్నాను. చెయ్యి ఆగిపోయింది.

"ఏమనుకోకే. మా అమ్మాయికి సంబంధాలు చూస్తున్నాం. ఇప్పుడు తినొచ్చో లేదో తెలీదు."

"పర్లేదు వదినా."

ఆమె వెళ్ళలేదు. చేతిసంచీ బెంచీ మీద పెట్టింది. "నేను తినను గానీ, నువ్వొక్కదానివే ఎంతమందికని పెడతావ్? ఆ గరిటె ఇలా ఇయ్యి" అని బల్ల వెనక్కి వచ్చింది.

రాతి బల్ల దగ్గర పేపరు చదువుకునే చైనీస్ అంకుల్ లేచి వచ్చాడు. "హూ డై?" అన్నాడు. అక్క అని చెప్పాను. ఒకటి నోట్లో వేసుకుని, "వా, టూ స్వీట్ లా" అని ఇంకొకటి తీసుకున్నాడు. "గుడ్ సిస్టర్ ఆర్ నాట్?"

ఏడాదిగా నన్నెవరూ ఇలా అడగలేదు. "గుడ్. బట్ వెరీ ఫియర్స్" అన్నాను. లెక్కల మాస్టారు నన్ను కొట్టాడని, తొమ్మిదో క్లాసులో ఉన్న మా అక్క స్టాఫ్ రూములోకి వెళ్ళి ఆయన్ని నిలదీసిందని చెప్పాను. అంకుల్ నోరు తెరిచి నవ్వాడు. తన అక్కా అంతేనట, తొంభై దాటినా ఇంకా తిడుతోందట. ఆయన వెనక నలుగురు చేరారు, తర్వాత మార్కెట్ నుంచి వస్తున్నవాళ్ళు కొందరు. లైను అంటే ఏమిటో ఈ ఊరికి ఎవరూ నేర్పక్కర్లేదు. అడిగినవాళ్ళకి అక్క గురించి చెప్పాను. నా గొంతు మామూలుగానే ఉంది.

"కబుర్లు తర్వాత చెబుదువు గానీ, గిన్నె అడుక్కి వచ్చింది. పరిగెత్తు" అంది వదిన.

ఖాళీ గిన్నె తీసుకుని లిఫ్టు ఎక్కాను. వంటింట్లో ఆంటీ రెండో వాయికి నూనె కాచి ఉంచింది. పిండి ఇంకా సగం మిగిలే ఉంది. చెయ్యి తడుపుకున్నాను.