కప్ప బొమ్మ గ్రిల్లు

ఆ వీధిలో ఆడవాళ్లందరి మెడ కొలత, నడుము కొలత, వాటితో పాటు మనసులోని మాట కూడా తెలిసిన మనిషి ఒక్కతే ఉండేది. ఆమె బట్టలు కుట్టేది. అసలు పేరు ఆమే అప్పుడప్పుడు గుర్తు చేసుకోవలసి వచ్చేది. వీధంతా కప్పలక్క అనేది. మొదట్లో వెనకాల, పోను పోను మొహం మీదే.

వీధికి ఈ కొసన తుప్పల దిబ్బ, ఆ కొసన నీటి గుంట. కప్పలు ఎండలు ముదిరినన్నాళ్లూ తుప్పల్లో తలదాచుకుని, తొలివాన పడగానే గుడ్లు పెట్టడానికి గుంటకు బయల్దేరేవి. పెరళ్లే వాటి రాజమార్గం. జనం చేతిలో నాలుగు డబ్బులు ఆడేసరికి పెరటికీ పెరటికీ నడుమ గోడ లేచింది, నేల సిమెంటయింది. ఇక కప్పలు వీధి వెంట పోవాల్సి వచ్చింది. వాన మర్నాడు కప్పలక్క తలుపు తీస్తే, బండ్ల కింద నలిగినవి గుమ్మం ముందే అతుక్కుని ఉండేవి. ఊడ్చేది ఆమే. ఊడ్చి ఊడ్చి విసుగెత్తి, దీనికన్నా గోడలకు కన్నాలు పెట్టడం తేలిక అనుకుంది. మహోద్యమాలు చాలావరకు ఇలా చీపురు దగ్గరే పుడతాయి. చరిత్ర రాసేవాళ్లు ఆ చీపురును మర్యాదగా వదిలేస్తారు.

ఆమె ప్రచార పద్ధతి సామాన్యమైనది కాదు. కొలత తీస్తున్నంతసేపూ ఎదుటి మనిషి చేతులు చాపి, కదలకుండా నిలబడాలి. అంతకన్నా శ్రద్ధగల శ్రోతలు ఏ మహానాయకుడికీ దొరకరు. టేపు మెడ చుట్టూ ఉండగానే కప్పలక్క కప్పల సంగతి ఎత్తేది. గోడ అడుగున ఒక్క ఇటుక తీయించమనీ, పెరట్లో ఒక మూల సిమెంటు చెయ్యకుండా వదిలి ఎండుటాకులు పోగెయ్యమనీ, పాత బేసిను పాతి నీళ్లు పొయ్యమనీ చెవిలో ఇల్లు కట్టుకుని పోరేది.

"కన్నాలు దొంగలు వెయ్యాలి గానీ మనమే వేసుకోవడమేంటి వదినా?" అంది పక్కింటావిడ.

"ఆ కన్నంలో పట్టే దొంగ దొరికితే నా దగ్గరికి పంపు. వాడికి చొక్కా ఊరికే కుట్టిస్తాను."

నవ్వినవాళ్లు నవ్వారు. నవ్వుతూనే ఇటుక తీయించారు. అందరికన్నా ఆఖర్న తీయించినవాడు వీధి సంఘం ప్రెసిడెంటు. ఉద్యోగం మానిన తర్వాత కూడా ఉత్తర్వులివ్వడం మానలేకపోయిన మనిషి. భార్య జాకెట్లు కప్పలక్క దగ్గర నెలల తరబడి నలగడంతో ఆయన మెత్తబడ్డాడని ఒక వాడుక ఉంది. దాన్ని కప్పలక్క ఖండించలేదు.

ఆ ఏడు తొలివానకు ఆమె పెరటి మెట్టు మీద కూర్చుని చూసింది. ఒక బండ కప్ప కన్నంలోంచి వచ్చి, కాసేపు ఆగి, అడ్రసు ముందే తెలిసినట్టు నేరుగా అవతలి కన్నంలోకి పోయింది. దాని వెనక మరొకటి. మర్నాడు ఊడవడానికేమీ లేదు. ఊడవడానికేమీ లేకపోవడమే ఆమె జీవితంలోని విజయం.

మరుసటి వేసవిలో నగరపాలక సంస్థవారు 'జీవమిత్ర వీధి' అనే అవార్డు ప్రకటించారు. గోడల్లో కన్నాలు తన ఆలోచనే అని ప్రెసిడెంటుగారికి అప్పుడు గుర్తొచ్చింది. కాకపోతే అవి పళ్లూడిన నోళ్లలా ఉన్నాయనీ, తనిఖీకి వచ్చే అధికారి ముందు పరువు పోతుందనీ, ప్రతి కన్నానికీ అందమైన ఇనప గ్రిల్లు బిగించాలనీ సంఘం తీర్మానించింది. ఆ పనిని సంఘమే కప్పలక్క తమ్ముడికి అప్పగించింది.

ఆ తమ్ముణ్ణి ఆమె మిషను తొక్కి పెంచింది. వెల్డింగు నేర్పించి షాపు పెట్టించింది. రెడీమేడ్ గేట్లొచ్చాక షాపులో అతనికి ఈగలు తోలడం మిగిలింది. భార్య బిడ్డను చంకనేసుకుని పుట్టింటికెళ్లి కూర్చుంది. అలాంటివాడు మొదటి గ్రిల్లు పట్టుకుని వచ్చాడు. ఆకు మీద కూర్చున్న ఇనప కప్ప. మొహాన చిరునవ్వు కూడా ఉంది.

"చూడక్కా, కళ్లు కూడా పెట్టాను."

ఆమె కడ్డీల మధ్య వేలు దూర్చి చూసింది. వేలు బిగిసింది.

"కప్ప ఎలా దూరుతుందిరా ఇందులో?"

కప్పలకు కూడా ఈ వ్యవహారంతో సంబంధం ఉందని ఆ క్షణానే తెలిసినట్టు అతను గ్రిల్లు వంక చూశాడు. పందికొక్కులు రాకుండా సందు అంతే ఉంచమని ప్రెసిడెంటుగారు చెప్పారట. ఇవి కప్పల దారులని చూసేవాళ్లకు తెలిస్తే చాలన్నారట. తర్వాత గొంతు తగ్గించాడు.

"నువ్వు నోరెత్తకక్కా. ఈ పని కూడా పోతే షాపు మూసెయ్యడమే. అది ఇంక కాపురానికి రాదు. అవార్డు గొడవ అయిపోనీ, బిల్లు చేతికి రానీ. ఒక్కోదానికి ఒక్కో కడ్డీ కోసేస్తాను, నీ మీదొట్టు."

వానలకు ఇంకా వ్యవధి ఉందని ఆమె తనకు తాను చెప్పుకుంది.

తనిఖీ అధికారి వచ్చి గ్రిల్లు గ్రిల్లుకూ వంగి మెచ్చుకున్నాడు. బతికున్న కప్పలను ఆయన అడగలేదు, ఎవరూ చూపించలేదు. చివర్న మాత్రం కప్పలక్క వైపు తిరిగి, "ఏమ్మా, కప్పలు బాగా తిరుగుతున్నాయా?" అన్నాడు. తమ్ముడు గోడ పక్కన, గోళ్లలో రంగుతో, నేల చూపులు చూస్తున్నాడు.

"తిరుగుతున్నాయండి," అంది.

వీధంతా చప్పట్లు కొట్టింది. ఆమె మాటకు అంతకుముందెన్నడూ అంత గౌరవం దక్కలేదు.

అవార్డు పలక బిగించిన సాయంత్రమే తొలివాన కురిసింది. ఆమె తడుస్తూ తమ్ముడి దగ్గరికి పరిగెత్తింది. బిల్లింకా పాసవలేదనీ, ఇప్పుడు కోస్తే కొంప మునుగుతుందనీ అతను నీళ్లు నమిలాడు. తిరిగి వచ్చేసరికి పెరటి గోడ వారన కప్పలు ఒకదాని మీదొకటి ఎక్కుతున్నాయి. వాటి ఎదుట ఇనప కప్ప చిరునవ్వు నవ్వుతోంది. ఆమె తన గ్రిల్లు ఊడబెరికింది. అవతలి గోడకు మరో చిరునవ్వు ఉంది. ఇక బకెట్టు తెచ్చి, దొరికినవాటిని దొరికినట్టు ఎత్తి, వీధి వెంట గుంటకు మోసింది. దొరకనివి వాటి దారిన వీధిలోకి వెళ్లాయి. మేడల మీంచి ఫోన్లలో వీడియోలు తీశారు. ప్రెసిడెంటుగారు గొడుగు కింద నిలబడి, పక్కనున్నవాళ్లకు విషయం విశదీకరించాడు.

"చూశారా, అన్ని దారులు పెట్టినా ఇవి రోడ్డు మీదకే వస్తాయి. అలవాటు."

మర్నాడు పొద్దున్నే ఆమె చీపురు తీసింది.

బిల్లు పాసయింది. మరదలు కాపురానికొచ్చింది. కడ్డీలు మాత్రం తెగలేదు. ఆ గ్రిల్లు చూసి పక్క వీధులవాళ్లూ తమ్ముడికి ఆర్డర్లిచ్చారు. శాంపిల్‌లో తేడా రాకూడదట.

మరుసటి ఏడు తొలివాన పడింది. మర్నాడు ఆమె గుమ్మం ముందు ఊడవడానికేమీ లేదు. ఆ మధ్యాహ్నం ప్రెసిడెంటు భార్య కొత్త జాకెట్టుకు కొలతలివ్వడానికొచ్చింది. చేతులు చాపి, కదలకుండా నిలబడి, ఉన్నట్టుండి అడిగింది.

"కప్పలక్కా, రాత్రంతా అంత వాన పడితే ఒక్క కప్పా అరవలేదేం? ఏమైపోయాయంటావు?"

టేపు ఆవిడ మెడ చుట్టూనే ఉంది. జవాబు ఏడాదిగా నోట్లోనే ఉంది. లోపలి గదిలో తమ్ముడి బిడ్డ కప్ప బొమ్మ గ్రిల్లుతో ఆడుకుంటోంది. కప్పలక్క సూదులు గుచ్చుకునే చిన్న దిండులోంచి గుండుసూదులు తీసి, ఒక్కొక్కటే పెదాల మధ్య పెట్టుకుంది. నోట్లో సూదులున్న దర్జీని ఎవరూ మాట్లాడమని బలవంతపెట్టరు.

"ఊఁ," అంది.