ఆఫీసరు గారి గాలానికి పడని చేపలు

చిత్తూరులో గుమాస్తాగా ఉన్న రోజుల్లో నా భార్యా పిల్లలు తిరుపతిలో ఉండేవాళ్లు. ఆమె అక్కడ టీచరు. నేను వారమంతా మెస్సులో నీళ్ల సాంబారు తాగి, శనివారం సాయంత్రం బస్సెక్కి, ఆదివారం ఒక్కరోజు మొగుణ్ణీ తండ్రినీ అయ్యేవాణ్ణి. తిరుపతికి బదిలీ కోరుతూ నేను పెట్టుకున్న అర్జీ మా కొత్త ఆఫీసరు బల్ల మీద రెండు నెలలుగా నిద్రపోతోంది.

ఆఫీసరు నాకంటే పదిహేనేళ్లు చిన్న. కోస్తా మనిషి. చేపలు పట్టే పిచ్చి ఉంది. చిన్నప్పుడు నేను గాలం వేస్తే చేపలు క్యూ కట్టేవని అన్నాల వేళ నేను కోసిన కోతలు ఎవరో ఆయన చెవిన వేశారు. నిజానికి నేను పట్టింది ఒక్క కప్పనే. ఆదివారం చెరువుకు పోదాం రమ్మన్నారు. అర్జీ గుర్తొచ్చి తిరుపతి బస్సు మానుకున్నాను.

డిసెంబరు నెల, తుపాను వెలిసిన వారం. చెరువు కట్ట మీద ఈదరగాలికి పళ్లు టకటకలాడుతున్నాయి. ఆయనకు తోలు కోటు, చక్రం తిప్పే విదేశీ గాలం. నాకు మఫ్లరు, జీపు డ్రైవరు దారిలో విరిచిచ్చిన వెదురు కర్ర.

పావుగంటకే నా బెండు మునిగింది. నా జన్మలో మొదటి చేప. సంతోషించాల్సింది పోయి గుండె జారింది. కాసేపటికి ఇంకోటి. ఆయన గాలం కదల్లేదు. డ్రైవరు టీ ఇచ్చే నెపంతో నా చెవి దగ్గర వంగాడు.

"బదిలీ కావల్లంటే ఆ గాలం తీసి పక్కన పెట్టప్పా."

తీస్తే సారు ఊరుకోరు, ఉంచితే చేపలు ఊరుకోవు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. చాటుగా ఎర తీసేసి ఉత్త కొక్కెం వేశాను. దానికీ జానెడు జెల్ల చేప ఒకటి ఎగబడింది. మంచి చోటని నా చోటు ఆయనకిచ్చి నేను ఆయన చోట కూర్చుంటే, చేపలు కూడా నాతోపాటే లేచొచ్చాయి.

"ఈడుండే చేపలకు సదువు లేదు సార్. అంత మంచి గాలం ఎప్పుడూ సూసుండవు," అన్నాను. ఆయన నవ్వలేదు.

సాయంత్రానికి నడుము పట్టేసింది, వేళ్లు కొయ్యబారాయి. నా బుట్టలో పదకొండు, ఆయన బుట్టలో సున్నా. నన్ను కుప్పం అవతలికి తోసేయడం ఖాయమనుకున్నాను.

మర్నాడు గదిలోకి పిలిచారు. చేతిలో నా అర్జీ.

"మీలాంటి గురువు దొరకడం నా అదృష్టమండీ. మిమ్మల్ని పంపించేస్తే నాకెవరు నేర్పుతారు?" అంటూ దాని మీద తిరస్కరించినట్టు గుండ్రటి అక్షరాలతో రాశారు. నాకు ఏడుపొచ్చింది. ఆనందబాష్పాలనుకుని ఆయన నా భుజం తట్టారు.

మూడు నెలలు తిరక్కుండా ఆయనకే తిరుపతికి బదిలీ అయింది. వీడ్కోలు సభలో దండ వేసింది నేనే. ఆదివారాలు మీరెలాగూ తిరుపతిలోనే ఉంటారుగా, అక్కడ డ్యాం ఉందట, పొద్దున్నే మీ ఇంటికి జీపు పంపిస్తానన్నారు.

అన్నట్టుగానే ఆ తర్వాతి ఆదివారం జీపు వచ్చింది. నాన్న ఊళ్లో లేడని చెప్పమని మా నాలుగేళ్ల చిన్నదానికి నేర్పుదామని లేచేసరికే అది పరుగెత్తి తలుపు తీసింది. నేను తలుపు చాటున ఆగిపోయాను.

"మా నాయన ఈడ ఉండడు. చిత్తూర్లో ఉంటాడు," అంది.

తిరుపతి ఆఫీసు డ్రైవరు, నన్నెరగనివాడు, నమ్మి వెళ్లిపోయాడు. ఆ పిల్ల అబద్ధమేమీ చెప్పలేదు. నేను చాలాసేపు తలుపు చాటునుంచి బయటికి రాలేకపోయాను.