ఒంటి పాచిక ఆట

మొన్న ఆఫీసు స్నేహితురాలు ఫోన్ చేసి, కొత్తవాళ్ల చేత గంటలో ముగిసే ఆట ఒకటి ఆడించాలి, నీ ఒంటి పాచిక పద్ధతి రాసి పంపవా అని అడిగింది. మేం కొందరం వీలైనప్పుడల్లా ఒక టేబుల్ చుట్టూ చేరి, తలా ఒక పాత్ర పట్టుకుని, నోటితోనే కథ నడుపుకునే ఆటలు ఆడతాం. కథలో ఎవరైనా తెగించి ఏదైనా చేయబోతే, అది అవుతుందో లేదో పాచిక చెబుతుంది. నా పద్ధతి రాస్తే అర పేజీ కూడా ఉండదు. అయినా పొద్దుటి నుంచీ కూర్చోవడం, లేవడం, టీ పెట్టుకోవడం, అది చల్లారిపోవడం. మలక్‌పేటలోని ఈ ఫ్లాట్‌లో బాల్కనీకీ వంటింటికీ మధ్య తిరుగుతూనే ఉన్నాను. ఆ అర పేజీ నేనొక్కదాన్నే కూర్చుని తయారుచేసింది కాదు మరి.

అప్పట్లో లాల్‌దర్వాజాలో అద్దెకుండేదాన్ని. గోదావరి వైపు నుంచి ఉద్యోగానికొచ్చి, ఇంట్లోంచే ఆఫీసు పని చేసుకుంటున్న రోజులవి. పై గది నాది, కింద ఇంటివాళ్లు. వాళ్లకు లాడ్ బజార్‌లో గాజుల దుకాణం ఉండేది. ఇంటావిడను పెద్దమ్మా అనేదాన్ని. ఆవిడ కోడలికి అంతకుముందు రెండుసార్లు కడుపు నిలవలేదు. మూడోసారి డాక్టరమ్మ మంచం దిగనే వద్దంది. ఆ అమ్మాయా, ఒకచోట నిలిచే మనిషి కాదు. పెళ్లయి వచ్చినప్పటి నుంచీ దుకాణంలో ఉండి, వచ్చినవాళ్లతో సగం తెలుగు, సగం ఉర్దూలో బేరాలాడి గెలిచేది. అలాంటిది ఎడమపక్కకు తిరిగి పడుకుని ఫోన్ చూడటం, విసుగొచ్చి దిండు కింద తోసేయడం, మళ్లీ తీయడం. సందులో ఆటో ఆగితే చాలు, మెడ ఎత్తేది. "పండుకోని పండుకోని పిచ్చిలేస్తున్నదక్కా" అందొక మధ్యాహ్నం. నా ఆట కిందికి దిగింది అప్పుడే.

మొదటిరోజు లావుపాటి రూల్సు పుస్తకం, ఎనిమిది ముఖాలవీ ఇరవై ముఖాలవీ గుప్పెడు పాచికలు పట్టుకెళ్లాను. నీ పాత్రకు బలం ఎంత, తెలివి ఎంత, దీనికి అది కలిపితే ఎంత అని మొదలుపెట్టాను. కాసేపు ఓపిక పట్టి, "లెక్కలు మా మామ దుకాణంల జేస్తడక్కా. నాకు బయటికి పోవాలె, గంతే" అంది. ఆ పుస్తకం మళ్లీ మెట్లు దిగలేదు. వైకుంఠపాళి డబ్బాలోంచి మామూలు పాచిక ఒకటి తెచ్చి, అయిదో ఆరో పడితే అనుకున్నది అవుతుంది, మూడో నాలుగో పడితే అవుతుంది గానీ ఏదో ఒక చిక్కొస్తుంది, ఒకటో రెండో పడితే కాదు అన్నాను. బాగా చేతనైన పని ఒకటి చెప్పుకుంటే, దానికి మాత్రం రెండుసార్లు వేసి మంచిది ఉంచుకోవచ్చు. "బేరమాడుడు నాకు మస్తొస్తది" అంది, ఆలోచించకుండానే. నా ఆఫీసు భోజన విరామంలోనే కథ మొదలై ముగియాలి కాబట్టి, ఇంతకంటే రూల్సు పెట్టే వ్యవధి కూడా లేదు.

రాక్షసులూ నిధులూ ఆమెకు అక్కర్లేదు. కథలో ఆమె ఆటోవాడితో బేరమాడి మలక్‌పేట గుర్రప్పందాల మైదానానికి వెళ్లింది. ఎప్పుడూ బయటి నుంచే చూసిందట, లోపలికి ఎవరూ తీసుకుపోలేదట. "గుర్రమెక్కుత" అని పాచిక వేసింది. ఒకటి పడింది. "కాలేదు" అన్నాను. ఆమె మొహం మారిపోయింది. పాచికను దుప్పటి మీద దూరంగా తోసేసింది. తర్వాత కోపంగా అంది: "కాలే అని ఊకుంటే ఎట్లక్కా? కాకుంటే మరేమైతదో చెప్పు. నన్ను ఎక్కనియ్యకుంటే గా గుర్రమేం జేస్తది?" నేనన్న 'కాలేదు' లాంటి మాటే ఆమె ఆస్పత్రిలో రెండుసార్లు విని ఉంటుందని అప్పుడు స్ఫురించింది. "గేటు దూకి రోడ్డెక్కింది" అన్నాను తడుముకుంటూ. "ఎక్కనియ్. ఎనక నేనురుకుత" అంది, నవ్వింది. ఆ రోజుతో రూలు మారింది. ఒకటి పడినా కథ ఆగకూడదు, పక్కకు తిరగాలి. పెద్దమ్మకు మాత్రం ఇదేమీ నచ్చలేదు. "కడుపుతోనున్న పిల్లకు పాచికలేంది బిడ్డా" అని సణుగుతూ మజ్జిగ తెచ్చి పెట్టేది. పెట్టి వెళ్లకుండా గడప దగ్గరే నిలబడి, ఎటో చూస్తూ, "ఇంతకు గుర్రం దొరికిందా?" అని అడిగేది.

ఒకరోజు ఆట మధ్యలోనే నొప్పులొచ్చాయి. ఇంకా నెలలు నిండలేదు. ఆటోలో ఆస్పత్రికి తీసుకెళ్లాం. ఆమె భర్త సంతకాలకీ రక్తానికీ పరిగెత్తుతుంటే, వరండాలో పెద్దమ్మా నేనూ మిగిలాం. ఆవిడ కూర్చుంటుంది, లేస్తుంది, కొంగు బిగిస్తుంది, మూసిన తలుపు దాకా వెళ్లి తిరిగొస్తుంది. చివరికి నా చెయ్యి పట్టుకుంది.

"బిడ్డా, గా ఆట నాతోని ఆడు. కూసోనికైతలేదు."

"పాచిక ఇంట్లోనే ఉండిపోయింది పెద్దమ్మా."

"నేను లోపలికి పోత. గా తలుపు నూకి పోత. ఎంత పడాలె, చెప్పు" అంటూ ఖాళీ గుప్పిట మూసి ఊపింది.

ఏమవుతుందో తెలియని చోట పాచిక వేయాలన్నది ఈ ఆటలన్నిటికీ మూలం. కానీ ఆ గుప్పిట తెరవనివ్వాలనిపించలేదు. "దీనికి పాచిక వద్దు పెద్దమ్మా. మీరు వెళ్లిపోయారు, లోపలే ఉన్నారు. ఏం కనిపిస్తోంది?" అన్నాను.

ఆవిడ కళ్లు మూసుకుంది. "పండుకున్నది. చెయ్యి సల్లగున్నది, పట్టుకున్న." కొంగు చేతిలోకి తీసుకుని, "చెమట తుడిసిన. జుట్టంత మొహమ్మీదికొచ్చింది, ఎనక్కి ముడేసిన. లొల్లి చెయ్యకు అత్తమ్మా అంటున్నది" అంది. నవ్వింది, నవ్వుతూనే ఏడ్చింది. తర్వాత ఏం చేశారు, తర్వాత, అని అడుగుతూ పోయాను. ఆవిడ కోడలికి కాళ్లు ఒత్తింది, నీళ్లు తాగించింది, నర్సుతో తగువు పెట్టుకుంది. తలుపు తెరుచుకునే దాకా ఆవిడ లోపలే ఉంది.

ఆడపిల్ల, బరువు తక్కువ, కొన్నాళ్లు అద్దాల పెట్టెలో ఉంచాలి, తల్లికి భయం లేదు అంది నర్సు. ఇప్పుడే లోపలికి రావద్దంది. పెద్దమ్మ గోడకు చేరగిలబడి, ఆ సాయంత్రం మొదటిసారి కాళ్లు చాపుకుంది. "ఫికర్ లేదమ్మా, నేనిందాకట్నుంచి ఆడ్నే ఉన్న" అంది నర్సుతో.

నియమాలు నియమాలుగా రాస్తే, భరించలేని జవాబు రాగల ప్రశ్నకు పాచిక వేయకూడదని కూడా రాయాలి. చదివేవాళ్లు ఎందుకని అడిగితే ఇదంతా చెప్పాలి. ఆ పాప ఇప్పుడు బడికి వెళ్తోంది, వాళ్లమ్మ మళ్లీ దుకాణంలో బేరాలాడుతోంది. వాళ్లందరికీ ఎప్పుడో గడిచిపోయిన ఆ సాయంత్రం, నాకు మాత్రం ఇంకా గడుస్తూనే ఉంది.